స్టేషన్‌కు నడిచి వెళ్లగల దూరంలో టౌన్‌హౌసుల సముదాయాన్ని రూపొందించడం ఎలా?

మెట్రో లేదా రైలు స్టేషన్‌కు దగ్గరలో కొంత స్థలం చేతికి వచ్చినవారూ, వారి కోసం పనిచేసే యువ ఆర్కిటెక్టులూ తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. అపార్ట్‌మెంటు జోలికి పోకుండా, ఎవరి వాకిలి వారికి, ఎవరి మెట్లు వారికి ఉండేలా వరుస ఇళ్లు కడితే ఎన్ని పడతాయి, అవి ఇరుకనిపించకుండా ఉండాలంటే ఏం చేయాలి అన్నదే ఆ ప్రశ్న. ప్రతిసారీ విడివిడిగా జవాబు చెప్పడం కంటే పని జరిగే క్రమంలో అంతా ఒకచోట రాసి పెట్టడం మేలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇక్కడ టౌన్‌హౌస్ అంటే రెండు పక్క గోడలనూ ఇరుగుపొరుగు ఇళ్లతో పంచుకుంటూ, రెండు నుంచి నాలుగు అంతస్తుల వరకు లేచి, నేల నుంచి పైకప్పు దాకా ఒకే కుటుంబానికి చెందిన ఇల్లు. దీని రూపకల్పనలో నేను గట్టిగా నమ్మేది ఒకటే: కాగితం మీద మొదట గీయవలసింది స్టేషన్ నుంచి ప్రతి గుమ్మానికి మనిషి నడిచే దారి, చివర గీయవలసింది కారు దారి. చెడిపోయిన లేఅవుట్లలో ఎక్కువ భాగం ఈ వరుసను తిరగేసి గీసినవే.

ముందుగా దగ్గర ఉండవలసినవి

- హద్దులు, చెట్లు, నేల ఎత్తుపల్లాలు చూపించే సర్వే పటం. ఎత్తులు లేని పటంతో పని మొదలుపెట్టవద్దు.
- భూగర్భంలో ఉన్న మురుగు, నీటి, విద్యుత్ లైన్ల పటం.
- స్థానిక నిర్మాణ నిబంధనలు. వాటితో పాటు, పట్టాలకు లేదా సొరంగానికి ఎంత దూరంలో తవ్వకానికి అనుమతి తీసుకోవాలో తెలిపే రైలు సంస్థ నిబంధనలు.
- అగ్నిమాపక వాహనానికీ చెత్త బండికీ కావలసిన దారి వెడల్పు, మలుపు కొలతలు.
- కనీసం ఒక పగలూ ఒక రాత్రీ స్థలంలోనే తీసిన శబ్దం, కంపనాల కొలతలు.
- 1:500, 1:200, 1:50 స్కేళ్లలో గీసుకునే వీలు, ఒక స్టాప్‌వాచ్, పొడవాటి టేపు, మేకులు, పురికొస.

1. దూరాన్ని పటం మీద కాదు, కాలినడకన కొలవండి

బస్సు స్టాపుకైతే 400 మీటర్లు, రైలు లేదా మెట్రో స్టేషన్‌కైతే 800 మీటర్లు నడక దూరంగా పరిగణించడం ప్రణాళికా రంగంలో స్థిరపడిన వాడుక. సాధారణ నడకలో ఇవి సుమారు 5, 10 నిమిషాలు. అయితే చాలామంది స్టేషన్ మధ్యలో కంపాస్ ముల్లు గుచ్చి వృత్తం గీసి, అందులో పడిన స్థలమంతా దగ్గరే అనుకుంటారు. 800 మీటర్ల వ్యాసార్థంతో గీసిన వృత్తంలో దాదాపు 200 హెక్టార్లు ఉంటాయి. కానీ దారులు వంకరలు తిరిగి, నేరుగా ఉన్న దూరానికి 1.4 రెట్లు నడవవలసి వస్తే, అదే 800 మీటర్ల నడకలో మనిషి చేరగలిగేది సుమారు 570 మీటర్ల వ్యాసార్థం వరకే. అంటే వృత్తంలో సగం భూమి స్టేషన్‌కు దగ్గరగా ఉన్నట్టు కనబడుతుందే తప్ప నిజానికి దగ్గర కాదు.

కాబట్టి స్టేషన్ గేటు దగ్గర కాదు, ప్లాట్‌ఫారం మీద నిలబడి స్టాప్‌వాచ్ నొక్కి, మీ స్థలంలో అన్నిటికన్నా దూరపు మూలకు నడవండి. రోడ్డు దాటడానికి ఆగిన సమయాన్నీ లెక్కలో కలపండి. సెకనుకు 0.8 మీటర్ల వేగంతో నడిచే వృద్ధులకు 800 మీటర్లు దాదాపు 17 నిమిషాలు పడుతుందని గుర్తుంచుకోండి. స్థలం హద్దులో ఎక్కడైనా 3 మీటర్ల వెడల్పున నడకదారి తెరిస్తే దూరం తగ్గుతుందేమో చూడండి. ఆ ఒక్క దారి కోసం ఒక ఇల్లు వదులుకోవలసి వచ్చినా నేనైతే వదులుకుంటాను, ఎందుకంటే దాని వెనకనున్న ఇళ్లన్నిటికీ అది రోజూ పనికొస్తుంది.

ఒక హెచ్చరిక: స్టేషన్‌కు మరీ ఆనుకుని, మొదటి రెండు మూడు వందల మీటర్లలో ఉన్న భూమి టౌన్‌హౌసులకు సరైనది కాదని నా అభిప్రాయం. అక్కడ ఎత్తైన నివాసాలు, దుకాణాలు, కార్యాలయాలు రావడం అందరికీ ప్రయోజనం. వరుస ఇళ్లకు తగిన చోటు ఆ తరువాతి పట్టీ, అంటే సుమారు 300 నుంచి 800 మీటర్ల మధ్య భాగం.

2. ఇళ్ల సంఖ్యను అడ్డుకోత చిత్రం నుంచి తేల్చండి

ఎన్ని ఇళ్లు పడతాయో తెలుసుకోవడానికి ప్లాన్ గీయనవసరం లేదు. వీధి నుంచి వెనక దారి వరకు ఒక అడ్డుకోత, అంటే స్థలాన్ని నిలువునా కోసి పక్క నుంచి చూసినట్టుండే చిత్రం, గీస్తే చాలు. ఉదాహరణకు ఇరువైపులా 100 మీటర్లున్న ఒక హెక్టారు స్థలం తీసుకుందాం. దాని రెండు ఎదురెదురు హద్దుల వెంట ఇప్పటికే వీధులున్నాయనుకుందాం. ఇంటి ముందు 2 మీటర్ల ఖాళీ, 10 మీటర్ల లోతున్న ఇల్లు, 5 మీటర్ల పెరడు, 6 మీటర్ల వెనక దారి, మళ్లీ అవతలి వరుసకు అదే క్రమంలో పెరడు, ఇల్లు, ముందు ఖాళీ ఉంచితే, వీపులు ఆనించుకున్నట్టుండే ఆ రెండు వరుసలకు 40 మీటర్లు సరిపోతాయి. ఇలాంటి జంటలు రెండు, వాటి మధ్య 12 మీటర్ల కొత్త వీధి కలిపితే 92 మీటర్లు అవుతుంది. మిగిలిన 8 మీటర్లను నాలుగు వరుసలకూ తలా 2 మీటర్ల చొప్పున పంచితే ప్రతి పెరడూ 7 మీటర్లవుతుంది.

ఇక పొడవు సంగతి. 100 మీటర్లలో అడ్డ దారులకూ నడక సందులకూ చిన్న పచ్చిక స్థలానికీ 20 మీటర్లు పోతే, ఇళ్లకు 80 మీటర్లు మిగులుతుంది. ఇంటి వెడల్పు 5 మీటర్లయితే వరుసకు 16, మొత్తం 64 ఇళ్లు. మూడు అంతస్తుల్లో ఒక్కో ఇంటికి గోడలతో కలిపి 150 చదరపు మీటర్లు వస్తాయి. ఇది ఊహకే పరిమితమైన సాంద్రత కాదు. ఆమ్‌స్టర్‌డాం తూర్పు రేవుల ప్రాంతంలో వెస్ట్ 8 సంస్థ ప్రణాళికతో 1990లలో రూపుదిద్దుకున్న బోర్నియో స్పోరెన్‌బర్గ్‌లో సుమారు 2,500 నివాసాలు హెక్టారుకు 100 చొప్పున అమరాయి. వాటిలో అధిక భాగం నేల మీద సొంత తలుపున్న మూడంతస్తుల ఇళ్లే. అయితే మధ్యలో కొన్ని భారీ భవనాలు కూడా ఉండటం వల్లే ఆ సంఖ్య సాధ్యమైంది కాబట్టి, వరుస ఇళ్లతోనే 100 తెస్తామని ఎవరికీ మాట ఇవ్వకండి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు స్థలం విస్తీర్ణాన్ని ఒక ఇంటికి కావలసిన విస్తీర్ణంతో భాగించి సంఖ్య చెప్పేయడం. భూమి వరుసల లెక్కన నిండుతుంది. పై ఉదాహరణలో హద్దు వీధులు లేక, వాటిలో సగం వెడల్పు మీ స్థలంలోంచే ఇవ్వవలసి వస్తే 92కు మరో 12 కలిసి 104 మీటర్లవుతుంది. లోటు 4 మీటర్లే కదా అనిపిస్తుంది గాని, కొలతలు సవరించకపోతే పోయేది ఒక వరుస మొత్తం, అంటే 16 ఇళ్లు. అలాంటప్పుడు వెనక దారినీ పెరళ్లనూ చెరికొంత తగ్గించి వరుసను నిలబెట్టుకోవాలా, లేక మూడు వరుసలకు పరిమితమై మంచి తోట ఇవ్వాలా అన్న నిర్ణయాన్ని మొదటి వారంలోనే తీసుకోండి.

3. ఇంటి వెడల్పును కక్కుర్తి లేకుండా నిర్ణయించండి

వెడల్పు తగ్గిస్తే ఇళ్లు పెరుగుతాయన్నది నిజమే. ఎంత పెరుగుతాయో, బదులుగా ఏం పోతుందో పక్కపక్కన పెట్టి చూడండి. పై స్థలంలోనే వెడల్పును 5 నుంచి 4.5 మీటర్లకు దించితే వరుసకు 17 ఇళ్లు పడతాయి. మొత్తం మీద అదనంగా వచ్చేవి 4 మాత్రమే. కానీ 5 మీటర్ల ఇంట్లో ఉమ్మడి గోడలు పోగా లోపల మిగిలే సుమారు 4.7 మీటర్లలో మధ్య గోడ వేసి 2.3 మీటర్ల వెడల్పున రెండు చిన్న పడకగదులు పక్కపక్కన పెట్టవచ్చు. 4.5 మీటర్ల ఇంట్లో ఆ గదులు 2.05 మీటర్లకు పడిపోతాయి. మంచం అడ్డంగా వేస్తే తలుపు తెరుచుకోదు, నిలువుగా వేస్తే అలమరకు చోటుండదు. నాలుగు ఇళ్ల కోసం అరవైనాలుగు కుటుంబాల పిల్లల గదిని పాడు చేసుకోవడం నాకు సమంజసంగా తోచదు.

స్థలం వెడల్పు అసలే కలిసిరాకపోతే, 4.2 మీటర్ల సన్నటి ఇంటిని అంతస్తుకు ముందొక గది, వెనకొక గది చొప్పున వేసి నాలుగు అంతస్తులకు తీసుకెళ్లవచ్చు. అప్పుడు మెట్లు ఎక్కలేనివారికి ఆ ఇల్లు పనికిరాదని తెలిసే చేయండి. అన్ని ఇళ్లూ ఒకే వెడల్పున ఉండాలన్న నియమమూ లేదు. వరుస చివరి ఇంటిని 6 మీటర్లు చేసి, కింద అంతస్తులోనే ఒక పడకగది, స్నానాలగది పెడితే వృద్ధులకూ చక్రాల కుర్చీ వాడేవారికీ సముదాయంలో చోటుంటుంది.

లోతు విషయంలో ఒక చిన్న లెక్క చాలు. కిటికీ పై అంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల దూరం వరకే పగటి వెలుతురు బాగా చేరుతుంది. పై అంచు 2.4 మీటర్లయితే అది 5 లేదా 6 మీటర్లు. ముందూ వెనకా కిటికీలున్న ఇంటికి 10 మీటర్ల లోతు అందువల్లే హాయిగా సరిపోతుంది. 12 దాటితే నడుమ పైకప్పు నుంచి వెలుతురు దించక తప్పదు.

4. మెట్లను మొదట అమర్చి, గదులను వాటి చుట్టూ వేయండి

సన్నటి ఇంట్లో మెట్లు పెట్టిన చోటును బట్టే మిగతాదంతా తేలుతుంది. అంతస్తు ఎత్తు 3 మీటర్లయితే, 176 మిల్లీమీటర్ల ఎత్తున్న 17 మెట్లు ఎక్కాలి. ఒక్కో మెట్టుకు 250 మిల్లీమీటర్ల పాదం వెడల్పు ఇస్తే ఒకే వరుస మెట్లకు నిడివి 4 మీటర్లవుతుంది. ఆ పైన ఎగువన, దిగువన నిలబడేందుకు 90 సెంటీమీటర్ల చొప్పున చోటు కావాలి. 4.7 మీటర్ల వెడల్పులో దాన్ని అడ్డంగా వేయాలని చూసి చివర్లో చోటు చాలక ఇబ్బంది పడినవారు చాలామంది. పక్క గోడ వెంట నిలువుగా వేయండి, లేదా ఇంటి నడుమ రెండు మలుపుల మెట్లుగా వేసి వాటి మీద పైకప్పులో అద్దం అమర్చండి. రెండో పద్ధతిలో వెలుతురు కింది అంతస్తు దాకా దిగుతుంది, వేడి గాలి పైకి పోతుంది.

సరిచూసుకోవడానికి సులువైన మార్గం ఒకటుంది. 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పున్న పరుపు ఆకారాన్ని అదే స్కేలులో అట్ట మీద కత్తిరించి, వీధి తలుపు నుంచి పై పడకగది దాకా ప్లాన్ మీద జరుపుతూ తీసుకెళ్లండి. అడ్డుకోత మీద కూడా అలాగే చేసి మలుపుల దగ్గర తల పైన ఎత్తు చూడండి. అట్ట ఆగిపోయిన చోట పరుపూ ఆగిపోతుంది.

5. కార్లకు ఇప్పుడు చోటు చూడండి

హ్యూస్టన్ నగరం 1998లో తన లోపలి వలయ రహదారి పరిధిలో కనీస ప్లాటు పరిమాణాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కు తగ్గించి, 2013లో దాన్ని నగరంలో మిగతా ప్రాంతాలకూ విస్తరించింది. దానితో వేల సంఖ్యలో టౌన్‌హౌసులు వచ్చాయి. సాంద్రత పెంచాలనుకునేవారు ఇది తప్పక చూడవలసిన ఉదాహరణ. వాటిలో అనేక ఇళ్లను వీధికి ఎదురుగా గ్యారేజీతో కట్టడం వల్ల వచ్చిన ఇబ్బందిని కూడా అక్కడే చూడవచ్చు. 5 మీటర్ల ముఖభాగంలో గ్యారేజీ తలుపు సగం మింగేస్తే, ముందు గది ఉండదు, వీధిని చూసే కిటికీ ఉండదు. కారు గ్యారేజీలోకి వెళ్లేందుకు కాలిబాటను ప్రతి ఇంటి ముందూ కోసేస్తారు. ఆ కోత వల్ల వీధి పక్కన ఒక కారు ఆగే చోటూ ఒక చెట్టూ పోతాయి కనుక, సొంత గ్యారేజీ వల్ల మొత్తం మీద దక్కే లాభం అనుకున్నంత ఉండదు.

నేను ఎంచుకునే క్రమం ఇది. మొదటిది, వెనక దారి నుంచి పెరట్లోకి ఒక కారు. 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవున్న చోటులోకి లంబంగా తిప్పడానికి 6 మీటర్ల దారి సరిపోతుంది. పెరట్లో మిగతా సగం తోటకు దక్కుతుంది. రెండోది, స్థలం అంచున ఉమ్మడి పార్కింగ్ పెట్టి, ఇళ్ల మధ్య వీధులను నడకకూ సైకిళ్లకూ వదిలేయడం. స్టేషన్ దగ్గర కారు లేని కుటుంబాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి ఇంటితో కాకుండా పార్కింగ్‌ను విడిగా అమ్మడం లేదా అద్దెకివ్వడం ఈ పద్ధతిలో వీలవుతుంది. ఇంటి కింద గ్యారేజీ అన్నది అన్నిటికన్నా చివరి ప్రత్యామ్నాయం. అది తప్పనిసరైతే తలుపు వెనక వైపుకే ఉండాలి.

సైకిళ్లకు చోటు మర్చిపోవద్దు. ఇంట్లోంచి మోసుకుంటూ బయటకు తేవలసి వస్తే వాటిని ఎవరూ వాడరు. ముందు గుమ్మం పక్కన కప్పున్న చిన్న అర చాలు.

6. వాకిలి, వెలుతురు, ఎదురింటి చూపు

వీధికీ గోడకూ మధ్యనున్న ఆ 2 మీటర్లే మీ సముదాయానికి ముఖం. కింది అంతస్తు నేలను వీధి కంటే అర మీటరు ఎత్తున ఉంచి, గుమ్మం ముందు కూర్చునేంత అరుగు, పక్కన ఒక పూలమడి ఇస్తే, దారిన పోయేవారి కళ్లు నేరుగా గదిలోకి పడవు. లోపలివారు మాత్రం వీధిని చూస్తూనే ఉంటారు. మెట్లు ఎక్కలేనివారి కోసం వెనక వైపు నుంచి గడప లేని ప్రవేశం, 12 అడుగుల నిడివికి ఒక అడుగు మించకుండా లేచే వాలుతో తప్పక ఏర్పాటు చేయండి.

ఎదురెదురు వరుసల మధ్య దూరం ఎంత ఉండాలన్నది అన్నిటికన్నా ఎక్కువగా వాదన జరిగే విషయం. బ్రిటన్‌లో చాలాకాలం చలామణి అయిన 21 మీటర్ల కొలత 1918 నాటి ట్యూడర్ వాల్టర్స్ నివేదిక చెప్పిన 70 అడుగుల నుంచి వచ్చింది. చలికాలపు ఎండ ఇంట్లోకి రావాలన్నది అప్పటి ఉద్దేశం. బ్రిటన్‌లో ఉత్తమ భవనానికి ఇచ్చే స్టిర్లింగ్ పురస్కారాన్ని 2019లో పొందిన నార్విచ్ నగరపు గోల్డ్‌స్మిత్ స్ట్రీట్‌లో, మిఖైల్ రిచెస్ సంస్థ ఆర్కిటెక్టు కేథీ హాలీతో కలిసి వరుసల మధ్య దూరాన్ని 14 మీటర్లకు తగ్గించింది. ఎండను అడ్డుకోకుండా పైకప్పులను తక్కువ వాలుతో వేసి, ఎదురింటి చూపు పడకుండా కిటికీలను జాగ్రత్తగా అమర్చడం వల్లే అది కుదిరింది. అంకె ఒక్కటే తగ్గించి ఆ జాగ్రత్తలు వదిలేస్తే ఫలితం అలా ఉండదు.

మీ అడ్డుకోత మీద ఇలా పరీక్షించండి. కింది అంతస్తు కిటికీ నడిమి నుంచి ఎదురింటి పై అంచుకు గీత గీస్తే, అది నేలకు సమాంతరమైన గీతతో చేసే కోణం 25 డిగ్రీలకు మించకపోతే వెలుతురుకు సాధారణంగా ఢోకా ఉండదు. మన ఉదాహరణలో ముఖాల మధ్య 16 మీటర్లుంది. కిటికీ నడిమి ఎత్తు 2 మీటర్లు, ఇంటి ఎత్తు 9.5 మీటర్లయితే కోణం సరిగ్గా 25 దగ్గర నిలుస్తుంది. ఆ పైన మీటరు ఎత్తు నిండు పిట్టగోడ కడితే 28కి పోతుంది. పిట్టగోడకు బదులు ఊచల కటకటా పెట్టండి, లేదా పై అంతస్తును 2 మీటర్లు వెనక్కి జరపండి. రెండింటిలో ఏది చేసినా కోణం మళ్లీ 25 దగ్గరకు దిగుతుంది. చాలా వేడి ప్రాంతంలో వీధిలో నీడే వరం కనుక, అక్కడ దీన్ని కొంత సడలించి గాలి పారడం మీద దృష్టి పెట్టవచ్చు.

7. రైలు చప్పుడునూ అదురునూ వేరు వేరుగా ఎదుర్కోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల ప్రకారం రైళ్ల శబ్దం ఇంటి బయట 24 గంటల భారిత సగటున (సాయంత్రం, రాత్రి శబ్దాన్ని ఎక్కువగా లెక్కించే సగటు) 54 డెసిబెళ్లకు, రాత్రి సగటున 44 డెసిబెళ్లకు లోపు ఉండటం మంచిది. పట్టాల పక్క స్థలంలో అది చాలాసార్లు దాటుతుంది. అప్పుడు పట్టాలకు సమాంతరంగా, సందులు లేకుండా మొదటి వరుసను నిలబెట్టి, దాన్నే మిగతా ఇళ్లకు అడ్డుగోడగా వాడుకోండి. ఆ వరుసలో వంటగది, మెట్లు, స్నానాలగదులు పట్టాల వైపూ, పడకగదులు అవతలి వైపూ ఉండాలి. మందపాటి అద్దాలు బిగించి ఊరుకుంటే, వేసవి రాత్రి కిటికీ తెరిచిన క్షణాన ఆ ఖర్చంతా వృథా అవుతుంది కాబట్టి, కిటికీ మూసి ఉన్నా గాలి ఆడే ఏర్పాటు దానితో పాటే ఉండాలి.

అదురు సంగతి వేరు. అది నేల ద్వారా పునాదిలోకి వస్తుంది. గోడలు ఎంత మందంగా కట్టినా ఆగదు. పునాది కింద రబ్బరు దిండ్లు వేయడం ఖరీదైన పని. దారి, పార్కింగ్, చెట్ల పట్టీ వంటివాటిని పట్టాల వైపుకు నెట్టి ఇళ్లను దూరం జరపడం చౌకైన పని. ఏది కావాలో పునాది గీయకముందే కొలతలు చెబుతాయి.

8. ఉమ్మడి గోడ, మంటలు

ఇరుగుపొరుగు తగాదాల్లో చాలావరకు ఈ గోడ నాసిగా ఉండటం వల్ల మొదలవుతాయి. ఒకే గోడకు బదులు మధ్యలో ఖాళీ ఉంచి రెండు పొరలుగా కట్టండి. శ్లాబు ఒక ఇంటి నుంచి మరో ఇంటికి అవిచ్ఛిన్నంగా సాగకుండా చూడండి. ఇంగ్లండు నిబంధనలు కొత్త ఇళ్ల ఉమ్మడి గోడకు, పూర్తయ్యాక అక్కడికక్కడ కొలిచినప్పుడు కనీసం 45 డెసిబెళ్ల శబ్ద నిరోధం అడుగుతాయి. అది కనీసం మాత్రమే. అలమరలు, నీటి గొట్టాలు, స్విచ్ పెట్టెలు ఉమ్మడి గోడలో తొలిచి బిగించడాన్ని పూర్తిగా నిషేధించండి. మెట్లను కూడా ఆ గోడకు అంటించకుండా చిన్న సందు వదలండి. పిల్లలు దిగే చప్పుడు పక్కింటికి పోయేది ఆ అతుకుల గుండానే.

మంటల విషయంలో గోడ పైకప్పు అడుగు దాకా సందు లేకుండా చేరి మూసుకుపోయిందా అన్నదే అసలు పరీక్ష. దొంగకప్పు లోపల గోడ ఆగిపోతే ఒక ఇంటి మంట వరుసంతా పాకుతుంది. అగ్నిమాపక వాహనాల దారి వెడల్పుకు దేశాన్ని బట్టి నియమం మారుతుంది. ఇంగ్లండు మార్గదర్శకం కాలిబాట అంచుల మధ్య 3.7 మీటర్లు అడిగితే, అమెరికాలో విస్తృతంగా అమలయ్యే అంతర్జాతీయ అగ్నిమాపక నియమావళి 20 అడుగులు అడుగుతుంది. రెండూ వాహనం నుంచి గొట్టం చేరే దూరాన్ని దాదాపు 45 మీటర్లకు పరిమితం చేస్తాయి. అందుకే వరుసను 8 ఇళ్లకు, అంటే 40 మీటర్లకు ఆపి నడక సందు ఇవ్వమని చెబుతాను.

9. మురుగు, వాననీరు, చెత్త

మురుగు గొట్టం ఎప్పుడూ వీధి కిందో వెనక దారి కిందో పోవాలి గాని ఒకరి ఇంటి కింద నుంచి మరొకరిది పోకూడదు. అది నిండిన రోజున తవ్వేది ఎవరి గదిని? ప్రతి ఇంటి పైకప్పు నీరూ తన హద్దులోనే కిందికి దిగాలి.

పైకప్పులు, దారులు కలిపి 7,000 చదరపు మీటర్లు నీరు ఇంకని నేల అయితే, 50 మిల్లీమీటర్ల వాన ఒక్కటి 350 ఘనమీటర్ల నీటిని మీ చేతిలో పెడుతుంది. దాన్ని ఆపి నెమ్మదిగా వదిలే పల్లం లేదా ఇంకుడు గుంట ఎక్కడుంటుందో పచ్చిక స్థలాన్ని ఖరారు చేసేటప్పుడే తేల్చండి. తరువాత చూద్దామనుకుంటే అది పిల్లలు ఆడుకునే చోటునే తినేస్తుంది.

వెనక దారి లేని ఒక వరుసలో నేను చూసిన దృశ్యం ఇప్పటికీ మనసులో ఉంది. చక్కటి గుమ్మాలు, చక్కటి అరుగులు, ప్రతి అరుగు మీదా మూడేసి చెత్త డబ్బాలు. పెరటి నుంచి వీధికి రావడానికి ఇంట్లోంచి తప్ప దారి లేదు. వరుస మధ్యలో 1.2 మీటర్ల సందు ఒక్కటి ఉన్నా ఆ గతి పట్టేది కాదు.

వెనక దారి, దీపాలు, పచ్చిక స్థలం ఎవరివో, వాటి ఖర్చు ఏటా ఎవరు ఎంత భరిస్తారో అమ్మకపు పత్రాల్లో రాయించండి. ఉమ్మడి గోడకు మరమ్మతు వస్తే పక్కింటిలోకి వెళ్లే హక్కునూ అందులోనే చేర్చండి.

ఫలితాన్ని సరిచూసుకోవడం

అనుమతికి పంపే ముందు ఈ పరీక్షలు వరుసగా చేయండి. ఒక్కటి తప్పినా ఆ అడుగుకు తిరిగి వెళ్లండి.

- అన్నిటికన్నా దూరపు గుమ్మం నుంచి ప్లాట్‌ఫారానికి నడక ఎంత? మీరు గీసిన కొత్త దారుల మీదుగా కొలవండి. నేరుగా ఉన్న దూరానికి అది 1.3 రెట్లు దాటితే ఎక్కడో ఒక దారి మూసుకుపోయి ఉంది.
- ఆ దారిలో రాత్రి పది గంటలకు ఒంటరిగా వచ్చే మనిషికి కనీసం ఒక వైపు కిటికీలు కనబడుతున్నాయా? వరుసగా 15 మీటర్లకు మించి గుడ్డి గోడ ఉంటే, వరుస చివరి ఇంటి పక్క గోడకు కిటికీలు పెట్టండి, లేదా ఆ ఇంటి గుమ్మాన్ని అటు తిప్పండి.
- ప్రతి గదిలోనూ మంచం, అలమర, బల్ల అసలు కొలతల్లో గీసి, తలుపులు తెరుచుకుంటున్నాయా?
- చెత్త బండి, అగ్నిమాపక వాహనం వెనక్కి నడపకుండా సముదాయం దాటిపోగలవా? ముగింపు ఉన్న దారి తప్పకపోతే దాని పొడవు 20 మీటర్లలోపు ఉందా?
- చెట్లు నాటే ప్రతి చోటా కింద గొట్టాలూ పైన తీగలూ లేకుండా ఉన్నాయా? పటాల్లో పచ్చగా కనిపించే చెట్లలో సగం ఈ పరీక్షలోనే పోతాయి.

చివరగా, మేకులూ పురికొసా తీసుకుని స్థలానికి వెళ్లండి. ఒక ఇంటి కింది అంతస్తునూ దాని పెరటినీ, ఎదురింటి ముఖభాగపు గీతనూ నేల మీద అసలు కొలతల్లో గుర్తించి, ఆ ఇంట్లో ఉండబోయేవారిలో ఇద్దరు ముగ్గురిని పిలిచి అందులో నిలబెట్టండి. ఒకరిని ముందు గది కిటికీ దగ్గర, మరొకరిని ఎదురింటి గీత మీద నిలిపి మామూలు గొంతుతో మాట్లాడుకోమనండి. దూరం చాలదని వారికి అనిపిస్తే, పురికొసను అక్కడికక్కడే జరిపి, కొత్త కొలతను రాసుకుని, రెండో అడుగు నుంచి లెక్క మళ్లీ వేయండి.